హైస్కూలు ఎంచుకునే ముందు అడగవలసిన ప్రశ్నలు

(స్వర్ణోత్సవాల్లో భాగంగా పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పాటు చేసిన తల్లిదండ్రుల సభలో మన బడి విశ్రాంత గణిత ఉపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండుగలో మాట్లాడమంటే పాత జ్ఞాపకాలు చెప్పమంటారేమో అనుకున్నాను. మన కార్యదర్శి గారు మాత్రం, "సార్, జ్ఞాపకాలు అందరూ చెబుతారు. పిల్లల్ని ఏ హైస్కూల్లో వేయాలో తేల్చుకోలేక తిరుగుతున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, మీరు దాని గురించి చెప్పండి" అన్నారు. నాకూ అదే నచ్చింది. ఎందుకంటే ప్రతి ఏడూ సంక్రాంతి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మా పెద్దవాడు ఆరో తరగతికి వస్తున్నాడు. ఉన్నచోటే ఉంచమంటారా, మార్చమంటారా?" అని. హబ్సిగూడ నుంచి ఒకరు చేస్తారు, నాచారం నుంచి ఒకరు చేస్తారు, అమెరికా నుంచి కూడా చేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ల తంటా వేరు. అక్కడ ప్రభుత్వ బడి అయితే చాలాచోట్ల ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వీధికి కేటాయించిన బడికే పంపాలి. అందుకని వాళ్లు బడిని చూసి ఇల్లు కొంటారు. మనం ఇల్లు ఉన్నచోటే ఉంచి పిల్లల్ని బస్సెక్కిస్తాం.

ఈ వేదిక మీద నేను ఏ బడి పేరూ చెప్పను. ఈ రోజు మంచి బడి అన్నది ఇద్దరు టీచర్లు మానేస్తే రెండేళ్లలో మారిపోవచ్చు. బడిని ఎలా చూడాలో, వెళ్లినప్పుడు ఏం అడగాలో చెబుతాను. లెక్కలు చెప్పి బతికిన మనిషిని కాబట్టి కొన్ని అంకెలు కూడా చెబుతాను. బోర్డు లేదు, సుద్దముక్క లేదు, కాస్త శ్రద్ధగా వినాలి.

ముందుగా మన ప్రాంతం సంగతి. ముళ్లతీగ వేసిన నాకా ఉండటం వల్ల తార్నాక అన్న పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఒక్కొక్క సంస్థే వచ్చింది. 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన పరిశోధనాలయం 1956లో ఆర్‌ఆర్‌ఎల్ అయింది. దాన్ని ఇప్పుడు ఐఐసీటీ అంటున్నారు గానీ మా వయసువాళ్లకు అది ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్లే. పోషకాహార సంస్థ కూనూరు నుంచి 1958లో ఇక్కడికి వచ్చింది. మనం సీఫెల్ అనే ఆంగ్ల సంస్థ కూడా ఆ ఏడాదిదే, ఇప్పుడు ఇఫ్లూ. 1961లో ఎన్‌జీఆర్‌ఐ, 1977లో సీసీఎంబీ. ఇటుపక్క లాలాగూడలో నిజాం కాలం నాటి రైల్వే వర్క్‌షాపు ఉండనే ఉంది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

వీటిలో పనిచేయడానికి దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. వాళ్ల పిల్లలు, లాలాపేట, మాణికేశ్వరీ నగర్ బస్తీల పిల్లలు ఒకే బడిలో కూర్చున్నారు. నా తరగతిలో ప్రొఫెసరు గారి అబ్బాయి, రైల్వే ఫిట్టరు కొడుకు, హాస్టల్ మెస్సులో వంట చేసే ఆయన కొడుకు ఒకే బెంచీ మీద ఉండేవారు. ఇళ్లలో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ, బెంగాలీ. ఇంటర్వెల్లులో మాత్రం అందరిదీ ఒకే హైదరాబాదీ భాష.

ఆ రోజుల్లో హైస్కూలును ఎవరూ పెద్దగా ఎంచుకునేవారు కాదు. నడిచి వెళ్లగలిగిన బడే మన బడి. అలాగని ఆ రోజులే బాగుండేవని నేను అనను. ఆడపిల్లల్ని ఎనిమిదితో మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. ప్రయోగశాల తలుపు తెరవడం ఒక్కసారి కూడా చూడకుండా పది పాసైన పిల్లలూ తెలుసు. తల్లిదండ్రులకు ఎంచుకునే వీలు రావడం మంచిదే. ఆ వీలును ఏం చూసి వాడుకుంటున్నాం అన్నదే ఈనాటి మన విషయం.

మార్పు పైతరగతుల నుంచి కిందికి దిగింది. 1980లలో నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ ప్రవేశపరీక్షకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు అది ఇంటర్మీడియెట్ పిల్లల వ్యవహారం. ఆ శిక్షణలో చోటు దొరకడానికే ఒక పరీక్ష ఉండేది, ఆ పరీక్షకు తయారుచేయడానికి వేరే శిక్షణలు పుట్టాయి. తర్వాత కార్పొరేట్ జూనియర్ కాలేజీలు పెరిగాయి. ఆ తర్వాత 'ఫౌండేషన్' అన్న మాట ఎనిమిదో తరగతికి, అక్కణ్ణుంచి ఆరో తరగతికి దిగింది. బడుల పేర్ల చివర టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్ అన్న తోకలు చేరాయి. పదకొండేళ్ల పిల్ల ఏ కాలేజీలో చదవాలో ముందే తేల్చేసి, దానికి తగ్గట్టు బడి వెతకడం మనకు అలవాటైపోయింది.

ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు. ఈ ఐదేళ్లలో అబ్బాయి గొంతు మారుతుంది, ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. స్నేహాలు గట్టిపడతాయి. అమ్మానాన్నలకు చెప్పని సంగతులు మొదలవుతాయి. తను తెలివైనవాడినా కాదా అని పిల్లవాడు తన గురించి తాను ఒక అభిప్రాయానికి వచ్చేది ఈ వయసులోనే. ఒకసారి వచ్చాడంటే దాన్ని మార్చడం మాలాంటివాళ్లకు చాలా కష్టం. అందుకని నేను చెప్పేది ఒక్కటే. హైస్కూలును ఈ ఐదేళ్ల కోసం ఎంచుకోండి. ఆ తర్వాత రాబోయే సీటు కోసం ఎంచుకోకండి. ఐదేళ్లు సరిగ్గా గడిచిన పిల్లకు సీటు కోసం కష్టపడే శక్తి ఉంటుంది. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

మొదటి ప్రశ్న దూరం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి బస్సు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట తీసుకుందనుకుందాం. 220 రోజులకు 440 గంటలు. అంటే పిల్ల పాఠం వినే ప్రతి 100 గంటలకు 44 గంటలు బస్సులో కూర్చుంటుంది. ఇదే లెక్కన ఐదేళ్లకు 2200 గంటలు, అంటే రెండేళ్ల చదువుకు సరిపోయే సమయం కంటే ఎక్కువే. ఇది నేను తగ్గించి వేసిన లెక్క. తార్నాక చౌరస్తా, హబ్సిగూడ, ఉప్పల్ రింగ్ రోడ్డు, ఇటు మెట్టుగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దారి సాయంత్రం పూట ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? 2017లో మెట్రో వచ్చి పెద్దవాళ్ల ప్రయాణం తేలికైంది. పన్నెండేళ్ల పిల్లను ఒంటరిగా మెట్రో ఎక్కించి పంపే ఇళ్లు మాత్రం తక్కువే.

ఆ 440 గంటలు నిద్రలోంచి, ఆటలోంచి, ఇంట్లో మనతో మాట్లాడే వేళలోంచి పోతాయి. ఆరున్నరకు బస్సంటే అయిదున్నరకు లేవాలి, టిఫిన్ సగం తిని సగం వదిలేయాలి. ప్రపంచానికి పోషకాహారం గురించి చెప్పే సంస్థ పక్కనే ఉన్న మన ఇళ్లలో పిల్లలు పొద్దున ఖాళీ కడుపుతో బస్సెక్కుతున్నారు. సంచి బరువు సంగతి కూడా చూడండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బడిసంచి బరువుకు హద్దు పెట్టింది. ఆరు, ఏడు తరగతులకు 4 కిలోలు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు నాలుగున్నర, పదో తరగతికి 5 కిలోలు. మనిషి బరువు చూసుకునే మిషను మీద పిల్లను సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబెట్టండి. తీసివేత మీకు వచ్చు, నేనే నేర్పాను.

ప్రయాణం అరగంట దాటితే ఆ అదనపు సమయానికి తగిన కారణం ఉండాలి. అలాంటి కారణాలు ఉంటాయి. వినికిడి తక్కువైన పిల్లకు ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఉన్న బడి గంట దూరంలో ఉంటే గంట దూరమే వెళ్లాలి. తరచూ బదిలీలు అయ్యే కేంద్ర ఉద్యోగి పిల్లలకు కేంద్రీయ విద్యాలయంలో సీటు వస్తే కొంత దూరమైనా అదే సుఖం. ఆ బడులు 1963లో మొదలైందే బదిలీల ఉద్యోగుల పిల్లల కోసం. అయితే "ఆ బడికి పేరుంది" అన్నది మాత్రం రోజుకు రెండు గంటల విలువ చేసే కారణం కాదు.

రెండో ప్రశ్న, పాఠం ఎవరు చెబుతారు, ఎన్నాళ్లుగా చెబుతున్నారు? ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యం ఆదాయంగా ఉంచుకోదగినది 5 శాతం. అడ్మిషన్ కౌంటరు దగ్గర ఈ సంగతి అడిగితే ఎవరూ పద్దుల పుస్తకం తీసి చూపించరు. అందుకని ఇంకో విధంగా అడగండి. "ఎనిమిదో తరగతికి గత మూడేళ్లు లెక్కలు ఎవరు చెప్పారండీ?" అనండి. ఒకటే పేరు వస్తే సంతోషం. మూడేళ్లకు మూడు పేర్లు వచ్చినా, పేరు గుర్తులేదన్నా, అక్కడ టీచర్లు ఎందుకు నిలవడం లేదో ఆలోచించండి. పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలుసుకోవడానికి టీచరుకు ఒక ఏడాది పడుతుంది. తెలుసుకునే లోపలే ఆ టీచరు వెళ్లిపోతే కొత్తవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మీ వీధిలో ఆ బడికి వెళ్లే పిల్ల ఉంటే లెక్కల నోటుబుక్కు ఒకసారి అడిగి చూడండి. పేజీకి అడ్డంగా ఒక ఎర్రగీత, కింద సంతకం, అంతేనా? లేక లెక్కలో మూడో మెట్టు దగ్గర గుర్తుతప్పు వస్తే అక్కడ సున్నా చుట్టి ఉందా? సున్నా చుట్టి ఉంటే ఆ టీచరు చదివారన్నమాట. రంగురంగుల బ్రోచరు ఈ సంగతి చెప్పదు.

ఇంకొక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దాని సాయంతో ఆ బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు, మరుగుదొడ్లు ఎన్ని, ఆటస్థలం ఉందా లేదా అన్నది ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలని చట్టం చెబుతోంది. ఆ వివరాలు బడి తానే రాసిచ్చినవి కాబట్టి కాగితం పట్టుకుని వెళ్లి కళ్లతో సరిచూసుకోండి. ఆటస్థలం ఉందని రాసి, అక్కడ బస్సులు నిలిపి ఉంటే అది బస్టాండే.

మూడో ప్రశ్న ర్యాంకుల బోర్డు గురించి. ఫలితాల కాలంలో మన చౌరస్తాల నిండా పిల్లల ముఖాలే. ఆ పిల్లలను చూసి నేనూ సంతోషిస్తాను, వాళ్లు కష్టపడ్డారు. బోర్డును మాత్రం లెక్కల కంటితో చదవండి. ఉదాహరణకు ఒక సంస్థకు 40 శాఖలున్నాయి, శాఖకు 100 మంది పిల్లలు అనుకుందాం. మొత్తం 4000 మంది. బోర్డు మీద 20 ముఖాలు. అంటే 200 మందిలో ఒక్కరు. మీరు చేర్చబోయే శాఖ వంతుకు సగటున అర మనిషి వస్తాడు! ఆ శాఖలో మిగిలిన తొంభైతొమ్మిదిన్నర మంది ఏమయ్యారు? మీకు కావలసింది వాళ్ల సంగతి, ఎందుకంటే మన పిల్లలు చాలావరకు ఆ గుంపులోనే ఉంటారు.

అందుకని రెండు విషయాలు అడగండి. బోర్డు మీది పిల్లలు ఆరో తరగతి నుంచి ఇక్కడే చదివారా, బాగా చదువుతారని తెలిసి ఫీజు తగ్గించి తొమ్మిదిలోనో పదిలోనో చేర్చుకున్నవారా? తరగతిలో మధ్యస్థంగా ఉండే పిల్లవాడు, అంటే యాభై మందిలో ఇరవై అయిదోవాడు, ఇక్కడికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాడు, వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడు? రెండోదానికి జవాబు చెప్పగలిగిన ప్రధానోపాధ్యాయులు దొరికితే ఆ బడిని వదులుకోకండి.

నాలుగో ప్రశ్న, సెక్షన్లు ఎలా చేస్తారు? ఇది చాలామంది అడగరు. నా దగ్గర ఏడు దాకా చదివిన ఒక అబ్బాయిని వాళ్ల నాన్నగారు ఎనిమిదిలో దూరాన ఉన్న ఒక పెద్ద బడికి మార్చారు. ఆయన ఆర్టీసీలో కండక్టరు, కొడుకు మీద ఆశతో అప్పు చేసి మరీ చేర్చారు. అక్కడ నెలకొక పరీక్ష, వచ్చిన మార్కుల ప్రకారం సెక్షన్ మారుస్తారు. జూన్ నుంచి దసరా లోపల వాడు మూడు గదులు మారాడు, ప్రతిసారీ కిందికే. దసరా సెలవుల్లో వీధిలో కనిపిస్తే, "ఎలా ఉన్నావురా?" అన్నాను. "డీ సార్" అన్నాడు. నేను అడిగింది ఒకటి, వాడికి వినపడింది ఇంకొకటి. మన బడిలో బీజగణితం అడిగి అడిగి చేసిన పిల్లవాడు వాడు. తర్వాతి జూన్‌లో వాళ్ల నాన్నగారు ఇంటి దగ్గరి బడికి తెచ్చారు, మెల్లగా కోలుకున్నాడు. ఇప్పుడు ఆయన ఈ హాల్లోనే, భార్యాపిల్లలతో కూర్చుని ఉన్నారు. అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మార్కులను బట్టి పిల్లల్ని విడదీసే బడి బాగా చదివే పిల్లకూ మేలు చేయదు. పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పడంలో వచ్చే చదువు ఆ పిల్లకు దక్కదు. ఎవరికంటే వెనకబడతానో అన్న భయం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి సూటిగా అడగండి, సెక్షన్లు మార్కుల ప్రకారమా, ఏడాది మధ్యలో మారుస్తారా అని.

ఐదో ప్రశ్న సిలబస్, భాష. రాష్ట్ర సిలబస్‌లో చదివితే పది తర్వాత చాలావరకు బడి మారాల్సి వస్తుంది, ఇంటర్మీడియెట్ వేరే కాలేజీలో. సీబీఎస్‌ఈలోనో ఐసీఎస్‌ఈలోనో అయితే ఆ బడిలో తరగతులు ఉంటే 12 దాకా అక్కడే ఉండవచ్చు. ఏది గొప్ప అన్న వాదన కంటే, పదిహేనేళ్ల వయసులో మన పిల్ల ఎక్కడ ఉంటే బాగుంటుంది, మన ఉద్యోగం ఎక్కడికి తీసుకుపోతుంది అన్నది చూసుకోవాలి. ఇక తెలుగు సంగతి. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా ఒకటి నుంచి పది దాకా తెలుగు బోధించాలి. "మా దగ్గర తెలుగు గొడవ లేదండీ" అని గొప్పగా చెప్పే బడి ఉంటే, చట్టాన్ని పక్కన పెట్టామని చెబుతోందన్నమాట.

మీడియం గురించి మన పక్కనే పెద్ద పాఠం ఉంది. ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైన విశ్వవిద్యాలయం. దానికోసం 1917లోనే అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తయారుచేయించారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. దేశభాషలో పెద్ద చదువులు సాగవన్న మాట తప్పని ఆ ముప్పై ఏళ్లు చూపించాయి. అయితే ఆ ఉర్దూ ఇంట్లో మాట్లాడని తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు అదీ పరాయి భాషే అయిందన్నది ఆ పాఠంలో రెండో సగం. మన ప్రభుత్వ బడులు కూడా 2022 నుంచి ఇంగ్లీషు మీడియంకు మారుతున్నాయి కాబట్టి ఈ రోజు చాలామందికి మీడియంలో ఎంపిక లేదు. ఒక పరీక్ష మాత్రం మీ చేతిలో ఉంది. బడిలో ఆ రోజు చెప్పిన సైన్సు పాఠాన్ని ఇంట్లో నానమ్మకు తెలుగులోనో, ఉర్దూలోనో, మీ ఇంటి భాషలో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైందన్నమాట. ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పి, నానమ్మ ఎదురు ప్రశ్న వేస్తే నీళ్లు నమిలితే, బడిలో పాఠం జరగలేదు, వల్లెవేత జరిగింది.

ఆరో ప్రశ్న డబ్బు, హక్కులు. చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టంలో ఉంది. మొదటిసారి పెడితే 25 వేల రూపాయల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల దాకా. కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. ఈ చట్టం 14 ఏళ్ల వయసు వరకు, ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. తెలిసి ఉండటం మంచిది. ఫీజు అడిగేటప్పుడు ఆరో తరగతి ఫీజు ఒక్కటే అడగకండి. బస్సు, పుస్తకాలు, యూనిఫాం, 'యాక్టివిటీ'లు అన్నీ కలిపి పది దాకా ఏ ఏడాదికి ఎంతవుతుందో రాసిమ్మనండి. తొమ్మిదిలో ఫీజు కట్టలేక పిల్లను మార్చాల్సి వస్తే దాని భారం పిల్ల మోస్తుంది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి చదివిస్తున్నామని పిల్లకు పూటపూటా గుర్తుచేసే చదువు పిల్లకు ఒంటబట్టదు.

చివరి ప్రశ్న పిల్లను అడగాల్సింది. పదకొండేళ్ల పిల్ల నిర్ణయం తీసుకోలేదు, నిజమే. తనకు ఏది భయమో చెప్పగలదు. బడి వదిలే వేళకు పిల్లను వెంటబెట్టుకుని ఆ బడి గేటు బయట ఒక పావుగంట నిలబడండి. వచ్చే పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ వస్తున్నారా? టీచరు ఎదురైతే నవ్వుతున్నారా, పక్కకు తప్పుకుంటున్నారా? వాచ్‌మన్ చిన్నపిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడు? ఇంటికొచ్చాక, "అక్కడ చదువుతావా?" అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే రెండు రోజులు ఆగండి.

ఇంతవరకు ఇతర బడుల గురించి చెప్పాను. ఇప్పుడు మన బడి గురించి చెప్పకపోతే న్యాయం కాదు. పొద్దున్నుంచి ఈ వేదిక మీద మన బడిని చాలామంది పొగిడారు, నాకూ కళ్లు చెమర్చాయి. మీ పిల్లలు ఇదే బడిలో చదువుతుంటే చేతులెత్తండి. (కొందరు చేతులెత్తారు.) సరే, దించండి. లెక్కపెట్టడానికి నా రెండు చేతుల వేళ్లు చాలాయి.

మిమ్మల్ని నిష్ఠూరమాడటానికి అడగలేదు. పిల్లల విషయంలో మొహమాటం పనికిరాదు. మనం చదివాం కదా అన్న అభిమానంతో మన పిల్లల్ని ఇక్కడికి పంపమని నేను అడగను. నేను చెప్పిన ప్రశ్నలన్నీ మన బడిని కూడా అడగండి. కొన్నింటికి మంచి జవాబులే వస్తాయి. నడిచి రావచ్చు. ఒకే టీచరు ఏళ్ల తరబడి ఉన్నారు. సెక్షన్లను మార్కులతో విడదీయరు. కొన్నింటికి జవాబు రాదు. ప్రయోగశాలలో సామాన్లు పాతబడ్డాయి. గ్రంథాలయం బీరువాలకు తాళాలున్నాయి, తీసేందుకు మనిషి లేరు. సాయంత్రం నాలుగు దాటితే గేటు మూసేస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో ఈ మూడోది చాలా పెద్ద విషయం. దూరపు బడిని ఎంచుకున్నవాళ్లలో చాలామంది నాతో చెప్పిన కారణం ఐఐటీ కాదు, ఆ బడి ఆరు దాకా పిల్లల్ని ఉంచుకుంటుందని.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలో వచ్చే సమావేశంలో తేలుస్తారని విన్నాను. గేటు దగ్గర స్వాగత తోరణం, దాతల పేర్లతో శిలాఫలకం అన్నది ఒక ప్రతిపాదన. సైన్సు ల్యాబుకు పరికరాలు, గ్రంథాలయానికి ఒక మనిషి, సాయంత్రం ఆరు దాకా ఒక పెద్ద దిక్కు కనిపెట్టుకుని ఉండే చదువు గది అన్నది రెండోది. నాకు ఓటు లేదు, మాట చెప్పే చనువుంది. హబ్సిగూడలోనో లాలాపేటలోనో ఒక తల్లి వచ్చే ఏప్రిల్‌లో తన పిల్ల చెయ్యి పట్టుకుని మన గేటు ముందు నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఆమెకు తోరణం మీది పేర్లతో పనిలేదు. సాయంత్రం ఆరు దాకా గది తెరిచి ఉంటుందా అన్నది ఆమెకు కావాలి. రెండో ప్రతిపాదనకు మీరంతా చెయ్యెత్తాలని కోరుతున్నాను.

ఫోన్లు మాత్రం మానకండి. సంక్రాంతి తర్వాత చేయండి, పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ముందు తనతో మాట్లాడతాను, తర్వాత మీతో.